వార్నిష్ పట్టని పలక

మా ఇంటి జడ్జిగారికి,

మీ ఆయన వంగి దణ్ణం పెట్టి రాసుకునేది. ఇక్కడ నేను, పిల్లి, పడవ ముగ్గురం బాగానే ఉన్నాం. ముగ్గురిలోనూ ఒళ్ళు వంచేది నేనొక్కణ్ణే. నీ కాలికట్టు వచ్చేవారం విప్పుతారని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. మీ అక్కయ్యగారు నీ చేత ఉల్లిపాయలు తరిగిస్తున్నారట కదా. కాలు విరిగితే చేతులు ఖాళీయే కదా అని ఆవిడ లెక్క కాబోలు. అడిగానని చెప్పు, ఈ మాట మాత్రం చెప్పకు.

నువ్వడిగినవి మూడు. తింటున్నానా అన్నావు. తింటున్నాను. నేను వండితే ఒకరోజు జావ, ఒకరోజు బొగ్గు. పిల్లి మూత దగ్గర వాసన చూసి పక్కింటికి పోతోంది. రెండోది, నీ తమ్ముడు పని చేస్తున్నాడా, గట్టు మీద కూచుని చూస్తున్నాడా అని. మూడోది, పోయినేడే కదా డెక్కుకి వార్నిష్ వేశారు, మళ్ళీ ఎందుకు మొదలెట్టారు అని. ఆ రెండింటికీ కాస్త వాయిదా ఇప్పించు. ముందు నా గోడు విను.

పాత పూత అంతా గీకేశాం. గీకీ గీకీ నా భుజం నా మాట వినడం మానేసింది. పలకల మధ్య సందుల్లో పత్తితాడు దూర్చి, పైన తారు పోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాం. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. మొదటి పూత వేసి బ్రష్షు కడుగుతున్నానో లేదో వాన. డెక్కంతా అమ్మవారు పోసిన మొహంలా గుంటలు. మళ్ళీ గీకుడు. రెండోసారి ఎండ చూసుకుని వేస్తే, ఎండ మరీ ఎక్కువై బొబ్బలెక్కింది. మళ్ళీ గీకుడు. మూడోసారి సాయంత్రం చల్లబడ్డాక వేశాం. ఊళ్ళో ఉన్న రెక్కల ఈసుళ్ళన్నీ పెళ్ళికొచ్చినట్టు వచ్చి అందులోనే కాపరం పెట్టాయి.

పక్క పడవ సరంగు సంగతి తెలుసుగా. రోజూ పొద్దున్నే వచ్చి, "ఏమోయ్, ఇంకా ఆరలేదా?" అంటాడు. "నిన్ననే ఆరింది, నువ్వు అడగడానికి ఏమీ ఉండదని మళ్ళీ తడిపాను" అన్నాను. ముట్టుకోవద్దని బోర్డు పెడితే, నిజంగా తడో కాదో చూద్దామని వచ్చే పోయే ప్రతివాడూ వేలు పెట్టాడు. విసుగెత్తి, కుక్క కరుచును అని రాశాను. కుక్కేదీ అని వెతుక్కుంటూ ఇద్దరు డెక్కెక్కేశారు.

సరే, నాలుగో పూత. గాలి లేదు, వాన లేదు, పురుగు లేదు. అద్దంలా వచ్చింది, ఒక్క పలక మీద తప్ప. గది తలుపు ముందు, నువ్వు జారిపడ్డ పలక. అక్కడ మాత్రం వార్నిష్ నిలవడం లేదు. జిడ్డు మూకుడు మీద నీళ్ళు పోసినట్టు ముడుచుకుని పక్కలకి పోతోంది. తుడిచి మళ్ళీ వేశాం, మళ్ళీ అంతే.

చివరికి పడవలు చెక్కే ముసలాయన్ని పిలుచుకొచ్చాడు నీ తమ్ముడు. ఆయన గోటితో గీకి, వాసన చూసి, "ఎవరో మైనం రుద్దారిక్కడ" అన్నాడు.

"మైనం కాదు పెద్దాయనా, డీజిల్ అయ్యుంటుంది. నా డబ్బాయే కారింది. అక్క పడింది కూడా అందుకే" అన్నాడు నీ తమ్ముడు.

"డీజిల్ వాసన నాకు తెలీదా? ఇది కొవ్వొత్తి మైనం. మనుషులు నడిచేచోట మైనం రుద్దే వెధవ ఎవడయ్యా?"

"మా బావకి తెలియకుండా ఈ డెక్కు మీద ఎవడూ చెయ్యి వెయ్యడు" అన్నాడు వాడు, నాకు వత్తాసుగా.

నేను బ్రష్షు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆ వెధవని నేనే. నువ్వు పడ్డ ఆదివారం నీ తమ్ముడు కొత్త బూట్లేసుకుని వస్తానన్నాడు, గుర్తుందా? వారం ముందునుంచీ ఆ బూట్ల గొప్పలే. తలుపు ముందు కొవ్వొత్తి రుద్దిపెట్టాను, పదిమంది ముందు చతికిలబడితే నవ్వుకుందామని. వాడికంటే ముందు నువ్వు తడిబట్టల బకెట్టుతో వచ్చావు. నొప్పితో మూలుగుతూనే పక్కనున్న డబ్బా చూసి వాణ్ణి తిట్టావు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పకపోగా, "మూత పెట్టడం కూడా రాదురా నీకు" అని నేనూ ఓ మాట కలిపాను.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకి జవాబు. పని చేస్తున్నాడు. ఆ బూట్లు మళ్ళీ తొడగలేదు. రోజూ చెప్పుల్లేకుండా వచ్చి, మోకాళ్ళ మీద కూచుని నా పాపం రుద్దుతున్నాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి. నీ ఉత్తరం అలవాటుగా నాకంటే ముందే విప్పి చదివి, "అక్కకింకా కోపం పోలేదు బావా" అన్నాడు. ఇక మూడోదానికి జవాబు. నువ్వు మళ్ళీ జారకూడదని ఆఖరి పూతలో సన్నటి ఇసుక చల్లుదామనుకున్నాను. తప్పు ఒప్పుకోవడం కంటే ఇసుక చల్లడం తేలికనిపించింది.

వాడి మొహం మీదే చెప్పాలని రెండు రోజులుగా నోరు తెరుస్తున్నాను. తెరిచినప్పుడల్లా వెటకారమే బయటికొస్తోంది. అందుకని ఈ కవరు అంటించడం లేదు. పోస్టులో వేసి రమ్మని వాడి చేతికే ఇస్తున్నాను. అంటించని ఉత్తరం వాడు చదవకుండా వదలడని నీకూ తెలుసు. ఇది నీ దాకా వచ్చిందంటే, అంతా చదివి కూడా వాడు వేశాడన్నమాట. నా శిక్ష సంగతి తరవాత, ముందు వాడికో ఉత్తరం రాయి.

ఆ పలక అలాగే ఉంది. మైనం లోపలికంటా దిగిందట, అది పోయేదాకా గీకాలన్నాడు ముసలాయన. పోస్టాఫీసు నుంచి వాడు తిరిగి ఇటొస్తే ఇద్దరం గీకుతాం. రాకపోతే నేనొక్కణ్ణే గీకుతాను. నువ్వొచ్చేనాటికి ఆరుతుందని మాత్రం మాటివ్వలేను.

ఇట్లు,
నీ మొగుడు,
వాడి బావ.