సేవా గంటలు

మార్లిస్ హాగన్ మేడమ్ గారికి,

మా కాలేజీ సలహాదారుగా మీరు, మెడికల్ కాలేజీ దరఖాస్తులో చూపించాల్సిన నా ఉచిత సేవా గంటలు సున్నా అని తేల్చారు. "జీతం పుచ్చుకుంటే అది సేవెలా అవుతుందమ్మా? ట్రెంట్‌ని చూసి నేర్చుకో" అన్నారు. నా క్లాస్‌మేట్ ట్రెంట్ శనివారాలు రెండు గంటలు మా వృద్ధాశ్రమంలో చక్రాల కుర్చీ తోస్తాడు. దాని బ్రేకెక్కడో చూపించింది నేనే. నేనక్కడ వారానికి ముప్పై గంటలు ఒళ్లు తుడిచి, పక్కలు మార్చి, ఆ జీతంతో కెమిస్ట్రీ చదువుతున్నాను. అది కూలి పనే, ఒప్పుకున్నాను.

మీ అమ్మగారూ అక్కడే ఉన్నారు. ఈస్టర్ నుంచి మీరు తొంగిచూడలేదు కనుక గది నంబరు గుర్తుచేస్తున్నాను, పదకొండు. స్నానం చేయిస్తుంటే ఆవిడ నన్ను "మార్లిస్, వచ్చావా తల్లీ?" అంటారు.

"వచ్చానమ్మా" అంటాను.

అలా పలికినందుకు నాకెవరూ జీతమివ్వరు. దాన్నైనా సేవ కింద రాసుకోండి.