సంతకానికి ముందు అడిగే మాట

చెల్లెమ్మా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. ఇవాళ నా కూతురు సుజాతను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాను, మామిడితోటలో తన భాగాన్ని వాళ్ల అన్నకు రాసివ్వడానికి. చట్టం ఆడపిల్లకు ఇచ్చిన హక్కును మన ఇళ్లల్లో పసుపుకుంకుమలతో ఒక చీర పెట్టి వెనక్కి తీసేసుకుంటాం కదా. చీర కూడా కొన్నాను, ఆనాడు నీకు కొన్నట్టే.

"ఇష్టపడే రాసిస్తాండావామ్మా?" అని ఆఫీసరు అడిగాడు. సుజాత నావైపు చూసింది. పదేళ్ల కిందట నీ భాగం నాకు రాసిచ్చేటప్పుడు అదే బల్ల ముందు నువ్వూ అట్లాగే చూశావు. "ఇష్టమేనని చెప్పు, బస్సుకు టైమైతా ఉండాది" అన్నాను నేను. నువ్వు చెప్పేశావు.

ఈసారి ఆ మాట నా నోట రాలేదు. "ఇష్టం లేకుంటే సంతకం పెట్టొద్దులేమ్మా" అన్నాను. సుజాత పెన్ను బల్లమీద పెట్టేసింది. కాగితాలు వెనక్కి తీసుకుని బయటికి వచ్చేశాం.

మెట్లు దిగుతూ అడిగింది: "అత్తకూ ఇట్లే చెప్పినావా నాయనా?"

"చెప్పినానమ్మా" అన్నాను.

కాదనడానికి నువ్వు లేవు. ఉన్నా, నన్ను కాదనేదానివి కాదు.

మీ అన్న