జనరేటరు బ్రేకరుకు మార్చిన రెండు తీగలను అలాగే ఉండనివ్వమని

విద్యుత్ విభాగపు ఇంజనీరు గారి సముఖమునకు, ప్రసూతి ఆసుపత్రి కరెంటు మేస్త్రీ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: జనరేటరు కంట్రోలు ప్యానెల్ – ఎయిర్ సర్క్యూట్ బ్రేకరు – సీలు తెంచినందుకు మెమో – సంజాయిషీ మరియు ప్రార్థన.

1. తమరి మెమో అందినది. ప్యానెల్‌కు తమ శాఖ వేసిన సీలు తెంచినది నేనే. విచారణ అక్కరలేదు. ఎందుకు తెంచితినో మాత్రము తమరు పూర్తిగా చదవవలెను. ఇంతకు ముందు పెట్టుకున్న నాలుగు అర్జీలను ఎవరూ చదివినట్లు లేదు.

2. బ్రేకరు ఎంపిక గురించి: సదరు బ్రేకరు జనరేటరుకూ వార్డులకూ మధ్య తలుపు వంటిది. అది మూసుకుంటేనే కరెంటు వార్డులకు చేరును. మా జనరేటరు పూర్తి లోడు మీద ఏడువందల ఆంపియర్ల దాకా ఇచ్చును. దానికి ఎనిమిది వందల బ్రేకరు ఉండవలెను. స్టోరులో ఆరువందల ముప్పైది పడి ఉన్నదని దానినే తెచ్చి బిగించిరి. నేను అడ్డు చెప్పగా తమ సూపర్‌వైజరు గారు, "పెట్టెలో పట్టింది కదయ్యా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు. చెప్పులు పెట్టెలో పట్టడం వేరు, కాలికి పట్టడం వేరు.

3. అమరిక గురించి: బ్రేకరును మూయించే కాయిలుకూ, దాని స్ప్రింగును బిగించే చిన్న మోటారుకూ కరెంటు కావలెను. ఆ కరెంటును బయటి లైను నుంచి తీసినారు. అనగా, బయటి కరెంటు పోయినప్పుడు పనిచేయవలసిన బ్రేకరు, బయటి కరెంటు ఉంటేనే పనిచేయును. జనరేటరు దానంతటది మొదలై గర్జించుచుండును. వార్డులు మాత్రము చీకటిగా ఉండును. నేను ఎక్కడున్నా పరుగెత్తి వెళ్లి బ్రేకరు మీది పచ్చ మీటను వేలితో నొక్కవలెను. ఏడు నెలలుగా నొక్కుతున్నాను. నా వయసు యాభై ఏడు.

4. ఒకే తేదీన తమ కార్యాలయము నుంచి రెండు జవాబులు వచ్చినవి. మొదటిది: "జనరేటరు సక్రమముగా పనిచేయుచున్నందున మార్పులు అనవసరము." రెండవది: "అర్జీదారు లేనిచో జనరేటరు పనిచేయదు కనుక సెలవు నిరాకరించడమైనది." రెండూ చదివి నా భార్య, "ఆ బ్రేకరుని కూడా ఇంటికి తెచ్చుకోండి, మంచం పక్కన పెట్టుకుందురు" అంది. నవ్వలేకపోయాను.

5. పోయిన నెల పన్నెండవ తేదీ, మధ్యాహ్నం. నేను మూడో అంతస్తులో నిచ్చెన మీద ఉండగా కరెంటు పోయింది. దిగి, పరుగెత్తి, మీట నొక్కేసరికి మూడున్నర నిమిషాలు. వార్డుల్లో లైట్లు వెలిగాయి. ఎండ మండిపోతోంది, ఏసీలన్నీ నడుస్తున్నాయి. నాలుగు నిమిషాలకే ఆ చాలీచాలని బ్రేకరు లోడు మోయలేక ట్రిప్పయి పడిపోయింది. స్ప్రింగు బిగించే మోటారుకు కరెంటు లేదు. ఏసీల స్విచ్చులు కట్టేసి, పిడి పట్టుకుని స్ప్రింగును చేత్తో బిగించి, మళ్లీ మూసేసరికి ఇంకో ఆరు నిమిషాలు.

కరెంటు లేనంత సేపూ నవజాత శిశువుల వార్డులో హెడ్ నర్సమ్మ, నెలలు నిండని బిడ్డకు రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి పోసింది. ఊపిరి అందించే మిషను బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. దాని మీద వేరే అర్జీ ఉన్నది. నేను పైకి వెళ్లేటప్పటికి ఆమె వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. బిడ్డ బతికింది. తల్లి గోడ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "బాబాయ్, జనరేటరు తిరుగుతూనే ఉందిగా, చప్పుడు వినపడతానే ఉంది. మరి లోపలికి కరెంటెందుకు రాలేదు?" అని అడిగింది.

ఆ ప్రశ్నను ఆమె మాటల్లోనే తమరికి పంపుచున్నాను. జవాబు తమ దగ్గర ఉంటే దయచేసి రాతపూర్వకముగా తెలియజేయవలెను.

6. మర్నాడు ఉదయం హెడ్ నర్సమ్మతో చెప్పాను. "సీలు తెంచితే నా ఉద్యోగానికే ఎసరు పెడతారేమోనమ్మా."

"తెంచకపోతే?" అందామె.

జనరేటరు మొదలు కాకుండా ఆపి, వార్డుల లైను ముట్టుకోకుండా ఆ ప్యానెల్‌కు అన్ని వైపులా కరెంటు తీసి, కాయిలుకూ మోటారుకూ వచ్చే రెండు తీగలను బయటి లైను నుంచి విప్పి, జనరేటరు వైపు ఫ్యూజు ద్వారా కలిపాను. ఇప్పుడు జనరేటరు తిరిగితే చాలు, బ్రేకరుకు తన కరెంటు తనకే అందును. రెండు కరెంట్లు కలవకుండా చూసే ఇంటర్‌లాకును ముట్టుకోలేదు. పని నలభై నిమిషాలు. ఆ తర్వాత మూడుసార్లు కరెంటు పోయింది. మూడుసార్లూ పన్నెండు సెకన్లలో వెలుతురు వచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు. లేవకుండా కూర్చోవడం ఎంత కష్టమో తమకు తెలియదు, అయ్యా. కాళ్లు వాటంతటవే పరుగెత్తబోయాయి.

7. తమ మెమో ప్రకారము మూడు దినములలో "పూర్వ స్థితి" పునరుద్ధరించవలెనట. పూర్వ స్థితి ఏమిటో అయిదవ పేరాలో ఉన్నది.

కావున తమరు నాకు ఏ శిక్ష విధించినా విధించి, ఆ రెండు తీగలను ఉన్నచోటనే ఉండనిచ్చి, బ్రేకరును ఎనిమిది వందలకు మార్పించవలెనని ప్రార్థించుచున్నాను. ఇది అయిదవ అర్జీ. ఈసారైనా చివరి దాకా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆసుపత్రి కరెంటు మేస్త్రీ

తా.క.: ఆ తీగలు నా చేతులతో వెనక్కి మార్చను సార్. చెయ్యలేను. కావాలంటే మీ మనిషిని పంపండి. ప్యానెల్ గది తాళంచెవి హెడ్ నర్సమ్మ కొంగుకు కట్టుకుంది. ఆమెని అడిగి తీసుకోమనండి.