కాగితం వెనకవైపు మాది

నేను, కార్నీలియా హాల్వర్సన్, కీర్తిశేషులు లైల్ హాల్వర్సన్ భార్యను, వయసు డెబ్బైతొమ్మిది, మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్ నివాసిని, ఒళ్ళూ మతీ నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా రాస్తున్నాను. మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం కూడా జతచేశాను. వాషింగ్టన్‌లో ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేసినదాన్ని. అక్కడ మనిషి మాటకు విలువ లేదు, కాగితానికే విలువ. ఆ విలువ కూడా కాగితం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ దీనితో రద్దు.

చదివేవారు మధ్యలో నల్లగీతలు చూసి కంగారు పడవద్దు. ప్రభుత్వంతో నేను చేసుకున్న రాజీ ప్రకారం, నా ఉద్యోగం గురించి ఏ ముక్క రాసినా ముందు పరిశీలన కార్యాలయానికి పంపి అనుమతి తీసుకోవాలి. వీలునామా కూడా ముక్కే అన్నారు. పంపాను. ఒక చలికాలమూ ఒక వేసవీ తమ దగ్గరే ఉంచుకుని, మొదటి ఏడు అంశాలకు అక్కడక్కడా నల్లసిరా పూసి, ముద్ర వేసి తిరిగి పంపారు. చావబోయే ముసలిదాని చివరి మాటల మీద సిరా పూసి జీతం పుచ్చుకునే మనుషులున్నారంటే నాకు కోపం కూడా రావడం లేదు. రోత పుడుతోంది. వాళ్ళు పూసింది పూసినట్టే ఉంచాను.

ఒకటి. ఇల్లు ఎవరికి రాశానని ఎవరూ వెతకనక్కర్లేదు. అది లాయర్లకూ జరిమానాకూ పోయింది. ఇప్పుడుంటున్నది అద్దె ఇల్లు. కారు చర్చికి ఇచ్చేశాను. పింఛను నాతోనే ఆగిపోతుంది. నేను పోయాక నా పేరు మీద ప్రభుత్వం జప్తు చేసుకోవడానికి ఏమీ మిగలదు. కాగితం తిరిగొచ్చాక అంచున ఇది చేర్చాను: ఈ మాటను వాళ్ళు ఎందుకో నల్లబరచలేదు. అందులో ఏముందో వాళ్ళకు తట్టి ఉండదు.

రెండు. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత మా పాత వీధిలో పక్కింటావిడ బర్నీస్ టాలివర్‌కు అప్పగిస్తున్నాను. మా ఇల్లు సోదా చేసిన రోజు వీధి మొత్తం కిటికీ తెరలు దించుకుని తొంగిచూస్తుంటే, ఆవిడొక్కతే జుట్టుకు చుట్టిన రోలర్లతోనే బయటికి వచ్చి, "ఆ ఇంట్లో మనిషి రాత్రే పోయాడురా నాయనా! కాస్తయినా సిగ్గుండక్కర్లేదా?" అని అధికారుల మీద అరిచింది. నా ఇనుప పెనం ఆవిడకే. "కార్నీలియా, నువ్వు ముందు పోతే ఆ పెనం నాది. మళ్ళీ ఎవరికో రాసి చచ్చావంటే ఊరుకోను" అని ఎన్నోసార్లు చెప్పింది. దాన్ని సబ్బుతో తోమకూడదని ఆవిడకు నేను చెప్పనక్కర్లేదు.

మూడు. మా శాఖకు ఒకప్పుడు అధిపతిగా ఉన్న రాండల్ స్టాకర్డ్‌కు నేనివ్వబోయేది ఏమిటో చెప్పే ముందు కొంచెం రాయాలి. సైనిక కుటుంబాలుండే ఇళ్ళలో కొళాయి నీళ్ళను పరీక్షిస్తే ██████ ఉన్నట్టు తేలింది. సెనేట్ విచారణ ముగిసేదాకా ఆ ఫలితం బయటికి రాకూడదని ఆయనగారు ఆదేశించారు. నేను న్యాయ సలహాదారును కాబట్టి నన్ను పిలిచి, "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ కార్నీలియా. నీళ్ళెక్కడికీ పోవు కదా, కాస్త ఆగి చెబుదాం" అన్నారు. పిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారండీ అన్నాను. "నాకూ పిల్లలున్నారమ్మా" అన్నారు. ఆయన పిల్లలు సీసా నీళ్ళు తాగేవారు.

పై అధికారి 'మనిద్దరి మధ్యే' అన్నాడంటే, గదికి వెళ్ళి తలుపు వేసుకుని, విన్నది విన్నట్టు మెమో రాసి పెట్టుకోవాలి. మాలో బుద్ధున్న ప్రతివాళ్ళూ చేసే పని అది. నేనూ ఒక పేజీ రాసి ఆఫీసు ఫైల్లో పెట్టాను. పదవీ విరమణ చేసినప్పుడు దాని నకలు ఇంటికి తెచ్చుకున్నాను. అందరూ తెచ్చుకుంటారు. స్టాకర్డ్ అయితే లారీలో తోలుకుపోయాడు.

తర్వాత ఆ పెద్దమనిషే నా మెమోలో తన మాటలున్న పై సగం కత్తిరించి, తనకు పడని మనిషి పేరున్న కింది సగాన్ని పత్రికకు అందించాడు. మర్నాడు టీవీలో కూర్చుని, "దీన్ని లీకు చేసిన ద్రోహి ఎవరో తేలాల్సిందే" అని బల్ల గుద్దాడు. అప్పటిదాకా సాదా కాగితమే అది. దేశమంతా పొద్దున్నే కాఫీ తాగుతూ చదివేశాక దానికి రహస్యమని ముద్ర కొట్టి, రాసింది నేను కాబట్టి లీకు చేసిందీ నేనేనని కేసు పెట్టారు. కేసు కాలపరిమితి దాటిన తర్వాత, ఇచ్చింది తనేనని పుస్తకంలో గొప్పగా రాసుకున్నాడు. అతని లారీడు మెమోలు 'సొంత డైరీ' అని ఒక కోర్టు తేల్చింది. నా ఒక్క పేజీ 'ప్రభుత్వ ఆస్తి' అని ఇంకో కోర్టు తేల్చింది. ఛీ.

ఆ పుస్తకాన్ని 'పాత స్నేహంతో' అని సంతకం పెట్టి నాకు పంపాడు. దాన్ని అతనికే తిరిగి పంపించాలి, తపాలా ఖర్చు అతనే కట్టుకునేలాగ. ఒకసారి తెరిచాను. తర్వాత చేతులు కడుక్కున్నాను.

నాలుగు. నా లాయరు ప్రెస్టన్ విట్లాక్ వానరోజున పట్టుకెళ్ళిన నా గొడుగు ఇంకా అతని దగ్గరే ఉంది. ఉంచుకోవచ్చు.

ఐదు. మా ఆయన లైల్ బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. గొంతులో కేన్సరు వచ్చి స్వరపేటిక తీసేశాక మాట పోయింది. ఏం చెప్పాలన్నా చేతికందిన కాగితం మీద రాసేవాడు. కరెంటు బిల్లు మీద 'దిండు సర్దు', పేపరు అంచున 'ఈ సూపు కుక్కకు పెట్టు' అని. మాకు కుక్క లేదు. అప్పట్లో నేను సెనేట్ కమిటీ ముందు సాక్ష్యానికి సిద్ధమవుతూ, ఆ మెమో నకలును ఆయన మంచం పక్క బల్ల మీద పెట్టుకున్నాను. ఒక ఆదివారం సాయంత్రం ఆయన దాన్నే అందుకుని, తిరగేసి, వెనకవైపు ██████████████ రాశాడు. ఆ రాత్రే పోయాడు.

సోమవారం పొద్దున సోదా వాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద, "మేడమ్, ఈ మంచం ఎవరిది?" అన్నాడు. "నిన్నటిదాకా మా ఆయనది" అన్నాను. ఏదో రాసుకుని మంచం కింద వెతికాడు. మెమో దొరికింది. వెనక్కి తిప్పి చదివారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిన్నగా హాల్లోకి వెళ్ళి, చర్మం ఆరబెట్టి, లోపల కూరి, గోడకు అలంకారంగా బిగించిన చేపను దింపి దాని పొట్ట కోశారు. ఎందుకంటే ██████████. లోపల రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు.

వాళ్ళలో చెవికి చిన్న ముత్యం పెట్టుకున్న అమ్మాయి ఒకతి ఉంది. అందరూ పెట్టెలు మోస్తుంటే ఆ పిల్ల నేల మీద కూర్చుని, పొట్టు రవ్వ కూడా వదలకుండా సంచిలోకి ఎత్తి నా చేతిలో పెట్టింది. "మా తాతయ్యకూ ఇలాంటి చేపే ఉండేదండీ" అని గొణిగి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసింది. నేను అల్లిన నీలం ఉన్ని దుప్పటి ఆ అమ్మాయికి చేరాలి. పేరు తెలుసు, రాయను. రాస్తే ఉద్యోగం ఊడుతుంది. బర్నీస్‌కు నోటిమాటగా చెప్పాను.

ఆరు. ఆ చేపను, పొట్టకు నేను వేసిన వంకర కుట్లతో సహా, డులూత్‌లో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తున్న నా ఏకైక కూతురు థియాకు ఇస్తున్నాను. థియాకు తొమ్మిదేళ్ళప్పుడు తండ్రీ కూతుళ్ళిద్దరే వర్మిలియన్ సరస్సులో పడవ వేసుకెళ్ళి తెచ్చిన చేప అది. కింద ఇత్తడి పలక మీద లైల్ పేరు చెక్కి ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా సరే, దానితో తను ఎలా పెనుగులాడాడో లైల్ చెప్పి తీరేవాడు. ఆ కథ మొదలవగానే థియా, "అమ్మా, నేను గిన్నెలు కడుగుతా" అని లేచి వెళ్ళిపోయేది. విని విని విసుగెత్తిందనుకునేదాన్ని.

తర్వాత థియా కాలేజీ మానేసి, ఏడాది పాటు ఆ సంగతి మా దగ్గర దాచింది. థాంక్స్‌గివింగ్ పండుగ భోజనాల దగ్గర బయటపడింది. లైల్, "అబద్ధాలకోరులకు ఈ ఇంట్లో చోటు లేదు" అన్నాడు. థియా గోడకేసి చూసి, నవ్వి, కోటు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వు పొగరనుకున్నాను. ఆరేళ్ళు తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. ఆయన పోయిన మూడో రోజున వచ్చింది. అప్పటికి కాగితం ప్రభుత్వం పెట్టెలో ఉంది.

ఏడు. ఆ కాగితాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఏడేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాను. ముందువైపు మీదే, ఉంచుకోండి, వెనకవైపు మా ఆయనది, ఇవ్వండి అన్నాను. "కాగితాన్ని రెండు పొరలుగా చీల్చలేం కదమ్మా" అని జడ్జి అంటే కోర్టంతా నవ్వింది. నకలైనా ఇవ్వమన్నాను. ఇచ్చారు. పేజీ అంతా నల్లగా ఉంది. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించాను. ఆ వెనకవైపు మీద నాకున్న హక్కునంతా థియాకు రాసిస్తున్నాను. దావా నడపడమూ మానడమూ ఆమె ఇష్టం. అది ఆమెకు ఎందుకు చెందాలంటే ████████████████████.

పరిశీలన కార్యాలయం చదివి ముద్ర వేసింది ఇక్కడిదాకానే. కింది అంశాన్ని వాళ్ళు చూడలేదు. నేను చూపించలేదు.

ఎనిమిది. మొదట ముందువైపు సంగతి. నీళ్ళలో ఉన్నది సీసం. రాసేశాను, ఆకాశం ఊడిపడలేదు.

ఇక వెనకవైపు. కోర్టులో ప్రభుత్వం తరపు లాయరు నా గురించి, "ఈమె విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు రాస్తుంది, ఆమెతో వచ్చిన చిక్కే అది" అన్నాడు. కనుక ఇది మెమోగానే రాస్తున్నాను.

మెమో. ఫైలు కోసం. రోజు: ఆదివారం, సాయంత్రం. ఉన్నవారు: లైల్, నేను, పిల్లి. లైల్ సైగచేసి పెన్ను అడిగాడు. ఎవరికి అన్నాను. గోడ మీద థియా ఫోటో చూపించాడు. పైన పేరు రాయకుండా నేరుగా విషయానికి వచ్చాడు. రాసిన మాటలు ఇవి:

"చేప నీదే. పట్టింది నువ్వు. నేను వల అందించానంతే. అందరికీ నాదని చెప్పాను. ఈ ఇంట్లో అబద్ధాలకోరును నేను. ఇంటికి రా."

మెమో సమాప్తం.

సోదా వాళ్ళకు ఇది గూఢచారికి పంపే కబురులాగ కనిపించింది. "చేప అంటే ఏమిటి మేడమ్? వల ఎవరిది? ఎవర్ని రమ్మంటున్నారు?" అని అడిగారు. మా అమ్మాయిని అన్నాను. కాగితంలో ఏముందో చెప్పకుండా థియాకు ఫోన్ చేసి, మీ నాన్న మీకు కబుర్లు పంపేవారా అని అడిగారు. "లేదు, ఆరేళ్ళుగా మాట్లాడుకోలేదు" అని పిచ్చిపిల్ల నిజం చెప్పింది. అంతే, అబద్ధమాడింది నేనని తేల్చి, కాగితానికి రెండువైపులా ముద్ర వేశారు.

థియా, నాన్న నీ మీద కోపంతో పోలేదే అని అప్పుడే చెప్పాను. "నువ్వు అలాగే అంటావులే అమ్మా. తల్లులందరూ అలాగే అంటారు. కాగితం చూపించు" అన్నావు. చూపించడానికి లేదు. అందులోని మాటలు నీతో అంటే, నిన్ను కూడా సాక్షిగా ఈడుస్తారని విట్లాక్ బెదిరించాడు. తర్వాత సంతకం పెట్టిన రాజీ నోరు కుట్టేసింది. మాట తప్పితే ఇల్లూ పింఛనూ పోతాయన్నారు. ఇల్లు ఎలాగూ పోయింది. ఇది నువ్వు చదివే సమయానికి పింఛనూ ఉండదు, నేనూ ఉండను. దాఖలైన వీలునామా కౌంటీ కచేరీలో ఎవరైనా అడిగి చదవగలిగే పత్రం. దాన్ని చదవడం నేరం కాదు. మంచి మార్గమే దొరికింది.

ఆ చేపను పట్టింది నువ్వని ఆ కాగితం చదివేదాకా నాకు తెలియదు. అన్నేళ్ళూ మీ ఇద్దరికే తెలుసు. కాబట్టి నిన్ను ఓదార్చడానికి నేను కల్పించానని ఈసారి అనలేవు. స్టాకర్డ్ లాంటి వాళ్ళు ఊరంతా లీకులు పారించి దొరల్లా తిరుగుతుంటే, నా ఉద్యోగంలో నేను ఒక్క కాగితం బయటికి పొక్కనివ్వలేదు. ఇదే మొదటిది. ముద్దాయిని కావాలంటే తవ్వి తీసుకెళ్ళి బోనులో నిలబెట్టమను.

బర్నీస్, చేపను డులూత్ పంపే ముందు ఆ ఇత్తడి పలక ఊడదీయించు. కొత్త పలక చేయించి, దాని మీద 'థియా హాల్వర్సన్, తొమ్మిదేళ్ళు' అని చెక్కించు. లైల్ పలకను పారెయ్యకు. ఆయన సమాధి దగ్గర పెట్టు, ఆయనకు ఇక దానితో పని ఉండదు గానీ.

తేదీ: రెండువేల ఇరవైమూడు, అక్టోబరు పదిహేడు. సిల్వర్ స్ప్రింగ్.

(సంతకం) కార్నీలియా హాల్వర్సన్

ఆమె మా ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుట మేమూ చేశాం. ఎనిమిదో అంశాన్ని ఆమె మా చేత పైకి చదివించింది.

సాక్షులు:
ఆర్డెన్ క్విగ్లీ, లూథరన్ చర్చి పాస్టరు
లువెల్లా మాస్, నర్సు