తలకిందుల ముగ్గు

నోవై, 17 అక్టోబర్ 2009, దీపావళి రాత్రి

పొద్దున్నే గుమ్మం ముందు బియ్యప్పిండితో అయిదు కోణాల నక్షత్రం ముగ్గు వేశాను. లోపలికొచ్చానో లేదో, పక్కింటి అమెరికనామె లిండా బెల్ కొట్టింది. ఒంటి కోణం కిందికుంటే అది సైతాను గుర్తట! గుమ్మం వైపు కూర్చుని వేశాను కాబట్టి మాకు నిటారుగానే ఉంది, వీధిలోంచి చూస్తే తలకిందులు. అంతే కదా!

సింధు నెట్‌లో వెతికింది. "మమ్మీ, కొంతమందికి అది జీసస్ అయిదు గాయాల సింబల్ అట. కొంతమందికి ప్రొటెక్షన్ అట. ఎవరి మీనింగ్ వాళ్ళది."

"ఎందుకొచ్చిన గొడవ, చెరిపెయ్యరాదూ," అన్నారు ఈయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

పండగపూట గుమ్మంలో ముగ్గు ఎవరైనా చెరుపుకుంటారా? తిట్టుకుంటూనే తడిగుడ్డ పెట్టి తుడిచి, ఈసారి వీధి వైపు కూర్చుని వేశాను. లిండా తన వాకిట్లోంచే నవ్వుతూ చెయ్యి ఊపింది. పీడ వదిలిందనుకున్నాను.

సాయంత్రం దీపాలు పెడదామని తలుపు తీసి గడప దగ్గరే ఆగిపోయాను. ఇంట్లోంచి చూస్తే ఇప్పుడు ఆ ఒంటి కోణం నా వైపే, కిందికి. చిన్నప్పట్నుంచీ వేస్తున్న ముగ్గే. ఎన్నడూ ముగ్గు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇప్పుడు దానికి కొమ్ములు కనిపిస్తున్నాయి. ఇంత రాత్రయినా నాకు నిద్ర పట్టడం లేదు, లిండా మాత్రం ఈపాటికి హాయిగా నిద్రపోయి ఉంటుంది.