ఓరిన్ గుర్తుగా పేర్చిన రాళ్లు

మార్లీన్ తల్లీ, నాకు ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు.

నీ తమ్ముడు ఓరిన్ వరదలో పోయి ఏడాదయిందని, వాడితో లోయ కాపలా పని చేసిన కుర్రాళ్లు లోయ అంచు మీద వాడి గుర్తుగా నడుమెత్తు రాళ్లు పేర్చారు. నిన్న జీపులో తీసుకెళ్లి చూపించారు. చూసి ఏడ్చాను. అంతలోనే నవ్వొచ్చింది. లోయ చూడ్డానికి వచ్చినవాళ్లు సరదాకి పేర్చే రాళ్లను దారి గుర్తులనుకుని జనం తప్పిపోతారని, అవి కనపడితే చాలు వాడు తన్ని పడగొట్టేవాడు కదా! ఈ కుప్పని దారి గుర్తని నమ్మి ఎవరైనా నడిస్తే నేరుగా లోయలో పడతారు.

"తీసేద్దాం రా" అన్నాను వాడి స్నేహితుడు డేలిన్‌తో.

"నా వల్ల కాదు పెద్దమ్మా, ఇది ఓరిన్‌ది."

"వాడుంటే ముందు నిన్ను తన్నేవాడురా."

అందరూ పగలబడి నవ్వారు. పై రాయి నేనే తీశాను. తర్వాత అందరం కలిసి దూరదూరంగా పడేశాం. రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పాపకి దగ్గు తగ్గిందా? పీచ్ పళ్లు విరగకాశాయి, ఊరబెట్టే సీసాలకి మూతలు లేవు, తీసుకురా. మీ ఆయన్ని అడిగానని చెప్పు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నువ్వొచ్చాక అంచు దాకా నడుద్దాం. ఇప్పుడక్కడ ఏమీ లేదు, లోయ ఒక్కటే. చూడ్డానికి ఎంత బాగుందో.

మీ అమ్మ