ముంతవలస కళ్లంలో ఆగిపోయిన వ్యాయామం

శ్రీయుత వైద్యాధికారి గారి సముఖమునకు,

కోటబొమ్మాళి దగ్గర ముంతవలస కాపురస్తుడు, రైతు, సనపల జగన్నాధం, వయస్సు 71, వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: ఎముకలు గుల్లబారిన ఆడవారి కొరకు మా ఊరి కళ్లంలో జరిగిన వ్యాయామ తరగతిని ఆపించవలసినదిగా నేను లోగడ ఇచ్చిన అర్జీని వెనక్కి తీసుకొనుట, తరగతిని తిరిగి పెట్టించుట, మరియు నాకింకనూ తీరని అనుమానముల గురించి.

1. నా భార్య లక్ష్మీనరసమ్మ, వయస్సు 66. పోయిన ఆషాఢంలో కుళాయి దగ్గర జారి, చేయి నేలకు ఆనించినది. అంతే. దానికే మణికట్టు విరిగినది. కట్టు వేసిన ఆసుపత్రిలో ఎముకల పరీక్ష కూడా చేసి, బోలు ఎముకల వ్యాధి అన్నారు. కాగితం మీద మైనస్ మూడు అని ఉన్నది. ఒంట్లో కనబడుచున్న ఎముక సున్నా కంటె తక్కువ ఎట్లగునని అడిగితిని. వయసులో ఉన్నవారి ఎముకతో పోల్చిన లెక్క అన్నారు. పోల్చమని మేము అడగలేదు. నా అనుమానం అక్కడ మొదలైనది.

2. తుంటి కూడా విరిగితే మనిషి ఇక లేవదని విని, ఆనాటి నుండి ఆమెను మంచం దిగనీయలేదు. నీళ్లు నేనే తెచ్చితిని. అంబలి నేనే కాచితిని. తల నేనే దువ్వితిని. పాపిడి వంకరగా వచ్చుచున్నదని ఆమె ఫిర్యాదు. కొన్నాళ్లకు ఆ ఫిర్యాదు కూడా మానినది. విశ్రాంతి పనిచేయుచున్నదని నేను భావించితిని. ఇట్లు నాలుగు నెలలు.

3. కార్తీకంలో తమ ఆరోగ్య కేంద్రము నుండి ఫిజియోథెరపిస్టు శైలజ, బొబ్బిలి అమ్మాయి, మా ఇంటికి వచ్చినది. మేము పిలవలేదు.

"తాతా, ఇలా మంచం మీదే ఉంచేస్తే ఎముక ఇంకా గుల్లవుతాది. కాలు నేల మీద ఆనాలి, ఒంటి బరువు ఎముక మీద పడాలి. రోజూ అరగంట సురుగ్గా నడవాలి" అన్నది.

"నడిస్తే ఎముక పెరిగిపోద్దేటి?" అని నిలదీసితిని.

"శానా పెరుగుతాదని సెప్పను. ఉన్నది తొందరగా తరిగిపోకుండా ఉంటాది. కాళ్లు గట్టిపడితే పడిపోడం తగ్గుతాది. మాత్రలు మాత్రం మానకూడదు."

పెరుగునని గొప్పలు చెప్పి ఉంటే మోసమని సులువుగా పట్టుకొనేవాడిని. ఇంత తక్కువ చెప్పి, రోజూ కోటబొమ్మాళిలోని బస నుండి బస్సెక్కి వచ్చి, ఊరికే నేర్పుటలో ఆమెకేమి లాభమో నేటికీ అంతుబట్టలేదు. పైగా చేతిలోని టాబ్‌లో అందరి పేర్లూ ఎక్కించుచున్నది.

4. కోతలు ఇంకా రాలేదు గనుక కళ్లం ఖాళీ. ఉదయం ఆరున్నరకు అక్కడ శైలజ తరగతి; నా మాట వినక మంచం దిగి వెళ్లిన నా భార్యతో కలిపి పదకొండు మంది ఆడవారు. మూడవ వారంలో ఒకనాడు గడ్డిమేటు చాటున నిలబడి చూచితిని. ముందు మెల్లని నడక, తరువాత వేగం, తరువాత ఫోనులో పాటకు తగినట్లు పొట్టి చెక్కబల్ల ఎక్కుట, దిగుట. గెంతవద్దు, నడుము వంచవద్దు అని శైలజ ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి చెప్పుచున్నది. తప్పు పట్టుటకు ఏమీ దొరకలేదు. అదే నాకు మరింత అనుమానం కలిగించినది.

నా భార్య నవ్వుచున్నది. ఆషాఢం తరువాత ఆ నవ్వు వినుట అదే మొదలు. పక్కనే ఉన్న చేపలమ్మే మరిడమ్మతో ఆమె అన్న మాట ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాను:

"మా ఇంటాయన నన్ను బతికుండగానే పాడె మీద పెట్టేసినాడే. ఇప్పుడు దిగినాను."

అయ్యా, నాలుగు నెలలు అంబలి కాచినవాడిని. తిన్నగా ఇంటికి వచ్చి కాగితం, కలం తీసితిని.

5. ఆ అర్జీలో "వ్యాయామ సమయమున ఇద్దరు స్త్రీలు క్రింద పడి గాయపడిరి" అని వ్రాసితిని. ఎవరూ పడలేదు. ఎవరికీ గాయం కాలేదు. అది నేను కల్పించిన అబద్ధము. విచారణ తేలే వరకు తాము తరగతి ఆపించుట, శైలజను మా ఊరు పంపకుండుట సబబే. తప్పు నాది.

6. విచారణకు వచ్చినవారు పడిన ఇద్దరెవరని ఇంటింటా అడిగారు. అర్జీ నాదని ఎవరు చెప్పారో తెలియదు, మరిడమ్మ మీద అనుమానం కలదు. ఆ సాయంత్రం నా భార్య నా ఎదుట నిలబడింది.

"పడ్డం నువ్వు సూసినావా?"

నేను లేచి నీళ్ల చెంబు అందుకున్నాను.

"ఏటి, సెప్పు. ఎవులు పడ్డారు?"

"నువ్వు పడతావేమోనని..." అన్నాను.

"అలాగా. పడకుండా ఉండాలంటే మంచమే కదా. ఇదిగో, పడుకుంటన్నాను. సూసుకో."

పడుకుంది. నేటికి పందొమ్మిది రోజులు. స్నానానికి, దొడ్డికి తప్ప లేవదు. అంబలి ఇస్తే తాగుతుంది. దువ్వెన తీస్తే గోడవైపు తిరుగుతుంది. నేను కోరినదే జరుగుతోంది, అయ్యా. కదలదు, పడదు, విరగదు. నిన్న చేయి పట్టుకొని లేపితే ఆమె మోకాళ్లు వణికాయి. కళ్లంలో బల్ల ఎక్కి దిగిన కాళ్లవి. చేతులారా నేనే చేసుకున్నాను.

కావున శైలజ మీద పడిన మచ్చ తుడిచి, ఆమెనే తిరిగి పంపి, తరగతి వెంటనే పెట్టించ ప్రార్థన. నా మీద ఏ చర్య తీసుకొన్ననూ సమ్మతమే. అయితే టాబ్‌లో ఎక్కించిన పేర్లు ఎక్కడికి పోవునో వ్రాతపూర్వకముగా తెలుపవలెను. కళ్లం తడిగా ఉన్ననాడు తరగతి పెట్టరాదు. నేను దొంగచాటున గాక ఎదుటనే కూర్చొని చూచుటకు అనుమతి ఇప్పించవలెను.

మొదటి కాగితమును నమ్మినట్లే దీనినీ నమ్మి, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సనపల జగన్నాధం

తా.క.: ఈ ఉదయం ఆమె మంచం పక్కన కూర్చొని ఇదంతా చదివి వినిపించాను. ఐదవ అంశం దగ్గర "మళ్లీ సదువు" అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. తరువాత లేచి చెప్పులు వెతుక్కుంది.

"పోస్టులో ఎయ్యకు. మనమే అట్టుకెళ్లి డాక్టరుగారి సేతికిద్దుం. నానూ వస్తాను."

తమ కేంద్రం మా ఇంటికి అర కిలోమీటరు. ఆటో పిలుస్తానంటే వద్దంది. దారిలో రెండుచోట్ల ఆగి, మళ్లీ నడిచింది. మెల్లగా నడు అని నోటి దాకా వచ్చింది. అనలేదు.

ఈ నాలుగు ముక్కలూ తమ వరండాలో కూర్చొని రాస్తున్నాను. ఆమె ఎదుటి బల్ల మీద కూర్చొని, నేను మళ్లీ ఏమి కల్పించి రాస్తున్నానో అని ఇటే చూస్తోంది.